సంక్షోభ కాలమున కార్మిక సంఘములు: కొరియా చెప్పు పాఠము

2025 ఆగస్టు 24వ తేదీన దక్షిణ కొరియా జాతీయ సభ కార్మిక సంఘముల చట్టమునకు ఒక సవరణను ఆమోదించినది. ఆ దేశప్రజలు దానిని 'పసుపు కవరు చట్టము' అని వ్యవహరించుచున్నారు. పెద్ద కంపెనీలో నేరుగా గాక, ఉపకంట్రాక్టరు క్రింద పనిచేయు కార్మికులు సైతము, తమ పని పరిస్థితులను నిజముగా శాసించు ఆ పెద్ద కంపెనీతోనే బేరసారములు జరుపుటకు ఈ సవరణ మార్గము కల్పించినది. సమ్మె వలన కలిగిన నష్టమునకు పరిహారము చెల్లింపుడని యజమానులు కార్మికులపై వేయు దావాలకు కొన్ని హద్దులను ఏర్పరచినది. యజమానుల సమాఖ్యలు దీనిని తీవ్రముగా వ్యతిరేకించినవి. కార్మిక సంఘములు దీనిని తమ చిరకాల పోరాట ఫలితముగా భావించినవి.

సరిగా 27 సంవత్సరములకు పూర్వము, అదే తేదీన, అనగా 1998 ఆగస్టు 24న, ఉల్సాను నగరములోని హ్యుండై మోటారు కర్మాగారమునందు ఒక ఒడంబడిక జరిగెను. దేశములోనెల్ల మిక్కిలి బలమైనదని పేరుపొందిన ఒక కార్మిక సంఘము, 36 దినముల పోరాటము జరిపి, తుదకు తన సభ్యులలో 277 మంది తొలగింపునకు అంగీకరించెను. ఈ రెండు తేదీల నడుమ నడచిన చరిత్ర పరిశీలింపదగినది. ధనసంక్షోభము వచ్చి ఉద్యోగములు పోవునపుడు కార్మిక సంఘము ఏమి చేయగలదు, ఏమి చేయవలెను అను ప్రశ్న ఏ దేశములోనైనను పుట్టునదే. ఆ ప్రశ్నకు గల జవాబులన్నియు, వాని మేలుకీడులతో సహా, కొరియా చరిత్రలో ఒకచోట కనబడుచున్నవి. అందులో ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా సంబంధించిన అధ్యాయము కూడ ఒకటి కలదు.

సంక్షోభము వచ్చిన తీరు

1990 ప్రాంతమున కొరియాను ఆసియా అద్భుతములలో ఒకటిగా లోకము కీర్తించుచుండెను. ఆ దేశపు పరిశ్రమలను 'చెబోలు'లను పెద్ద కుటుంబ సంస్థలు నడపుచుండెను. వీరు నౌకలు కట్టిరి, ఉక్కు పోతపోసిరి, మోటారుకార్లు తయారుచేసిరి; కాని పెట్టుబడిలో అధికభాగము అప్పు. 1997 చివరకు 30 పెద్ద చెబోలుల అప్పు వారి స్వంత మూలధనమునకు ఐదురెట్లు మించియుండెను. ఆ అప్పులో చాలభాగము విదేశపు బ్యాంకులనుండి స్వల్పకాలమునకు తెచ్చినది. దీర్ఘకాలమునకుగాని లాభము రాని కర్మాగారములకు, కొలదినెలలలో తీర్చవలసిన అప్పు తెచ్చుట ప్రమాదకరము. అప్పిచ్చువాడు గడువు పెంచుచున్నంతకాలము ఆ ప్రమాదము బయటపడదు.

1997 జనవరిలో హన్బో ఉక్కు సంస్థ కూలెను. జులైలో థాయిలాండు నాణెము పతనమయ్యెను. అదే నెలలో కియా మోటారు సంస్థ అప్పులు తీర్చలేని స్థితికి వచ్చెను. నేడు మన రాయలసీమలో పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి గ్రామమునొద్ద కార్లు తయారుచేయుచున్న కియా ఇదియే. ఆ సంక్షోభములో అది స్వతంత్రతను కోల్పోయి 1998లో హ్యుండై చేతికి వచ్చినది. విదేశపు బ్యాంకులు భయపడి తమ అప్పులను వెనుకకు పిలిచినవి. ఆ సంవత్సరము నడుమ డాలరునకు సుమారు 900 వొన్లుగానున్న కొరియా నాణెము, డిసెంబరు చివరి వారమునకు ఒక దశలో 1,900 దాటెను. డిసెంబరు 3వ తేదీన ప్రభుత్వము అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందము చేసికొనెను. మొత్తము సహాయము సుమారు 5,800 కోట్ల డాలర్లు. అందులో ద్రవ్యనిధి వంతు 2,100 కోట్లు. దానికి ప్రతిగా వడ్డీరేట్లు పెంచుట, దివాలా తీసిన ధనసంస్థలను మూయుట మున్నగు షరతులతో పాటు, శ్రామికులను తొలగించుటకు యజమానులకు గల అడ్డంకులను సడలించుట కూడ ఒక షరతు.

ఫలితము వెంటనే కనబడెను. 1997లో నూటికి 2.6 గానుండిన నిరుద్యోగము 1998లో సగటున 7కు చేరెను. 1999 ఫిబ్రవరి నాటికి నిరుద్యోగుల సంఖ్య 17 లక్షలు దాటెను. 1998లో దేశోత్పత్తి నూటికి 5 వంతులకు పైగా తగ్గెను. అంతవరకు ఒకే కంపెనీలో ఉద్యోగవిరమణ వరకు పనిచేయుట పరిపాటిగానున్న సమాజమునకు ఇది భూకంపము వంటిది. ఆ 1998 జనవరిలోనే దేశప్రజలు తమ బంగారమును ప్రభుత్వమునకు సమర్పించుటకు వరుసలు కట్టిరి. పెండ్లి ఉంగరములు, పసిపిల్లల మొదటి పుట్టినరోజు ఉంగరములు సైతము ఇచ్చిరి. సుమారు 35 లక్షలమంది పాల్గొనగా 227 టన్నుల బంగారము ప్రోగుపడెను. బంగారము విలువ తెలిసిన మన తెలుగు గృహిణులు ఈ త్యాగమును సులభముగా గ్రహింపగలరు. జాతి అంతయు కష్టమును పంచుకొనుచున్నదను భావము అప్పుడు బలముగా నుండెను. ఐతే ఆ పంపకము ఎట్లు జరిగెనో చూడవలసియున్నది.

ఫిబ్రవరి ఒడంబడిక

తొలగింపుల సమస్య సంక్షోభముతోనే పుట్టినది కాదు. 1996 డిసెంబరు 26వ తేదీన, తెల్లవారకముందే, ప్రతిపక్షమునకు తెలియనీయక, అధికారపక్ష సభ్యులు జాతీయ సభలో సమావేశమై కొలది నిమిషములలో ఒక కార్మిక చట్టమును ఆమోదించిరి. అది తొలగింపులను సులభము చేయునది. దానిపై దేశమంతట సార్వత్రిక సమ్మె చెలరేగెను. 1997 జనవరి అంతయు అది సాగెను. ప్రభుత్వము వెనుకంజ వేసి, మార్చిలో చట్టమును సవరించి, తొలగింపుల నిబంధనను రెండేండ్లు వాయిదా వేసెను. కార్మికుల విజయమని దానిని అందరు భావించిరి. ఏడాది తిరుగక మునుపే సంక్షోభము వచ్చి ఆ వాయిదాను ప్రశ్నించెను.

కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు కిం డే-జుంగ్ తన పదవీ స్వీకారమునకు ముందే, 1998 జనవరి 15న, ప్రభుత్వము, యజమానులు, కార్మికులు కూడిన త్రిపక్ష మండలిని ఏర్పాటు చేయించెను. ఆ మండలిలో రెండు కార్మిక సమాఖ్యలు కూర్చుండెను. ఒకటి పాతదైన కొరియా కార్మిక సంఘముల సమాఖ్య. రెండవది 1995లో స్థాపితమైన ప్రజాతంత్ర కార్మిక సమాఖ్య. ఈ రెండవదానికి అప్పటికింకను చట్టరీత్యా గుర్తింపు లేదు. చట్టము గుర్తింపని సంస్థను, చట్టము మార్చుటకు సంతకము చేయుమని రాజ్యము ఆహ్వానించినది.

ఫిబ్రవరి 6న ఒడంబడిక కుదిరెను. అందులో కార్మికులు ఇచ్చినది: 'అత్యవసర యాజమాన్య కారణములు' ఉన్నయెడల తొలగింపులు చేయవచ్చుననుట; కార్మికులను ఒక సంస్థనుండి మరియొక సంస్థకు అద్దెకిచ్చు విధానమునకు చట్టబద్ధత. కార్మికులు పొందినది: నిరుద్యోగులకు రక్షణ పెంచుదుమను హామీ, సంఘములు రాజకీయములలో పాల్గొను హక్కు, ప్రభుత్వోద్యోగులకు కార్యాలయ మండలులు, 1999 జులై నుండి పాఠశాలల ఉపాధ్యాయులకు సంఘము పెట్టుకొను హక్కు.

చివరి అంశము విలువ తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. 1989 మేలో కొరియా ఉపాధ్యాయులు 'చొన్‌గ్యోజో' అను సంఘమును స్థాపించిరి. ఉపాధ్యాయుడు కార్మికుడు కాడని నాటి ప్రభుత్వము వాదించి, సంఘమును విడువ నిరాకరించిన సుమారు 1,500 మందిని పనినుండి తొలగించెను. వారిలో చాలమంది 1994లో, సంఘమును విడిచెదమను షరతుపై, తరగతిగదులకు మరలివచ్చిరి. పదేండ్లుగా ఇంత బాధకు కారణమైన హక్కు, 1998 ఫిబ్రవరిలో ఒక కాగితముపై లభించెను. అదే కాగితముపై మోటారు కార్మికుని, బ్యాంకు గుమాస్తాను తొలగించు అధికారము కూడ వ్రాయబడియుండెను. ఒకరి హక్కు, మరియొకరి ఉద్యోగ భద్రత ఒకే త్రాసులో తూగినవి.

మూడు దినముల పిమ్మట, ఫిబ్రవరి 9న, ప్రజాతంత్ర సమాఖ్య ప్రతినిధుల సభ ఈ ఒడంబడికను తిరస్కరించెను. సంతకము చేసిన నాయకత్వము రాజీనామా చేసెను. ఫిబ్రవరి 13న సార్వత్రిక సమ్మెకు పిలుపు వెలువడెను; కాని సమ్మె జరుగలేదు, పిలుపును ఉపసంహరించిరి. ఆ వారములోనే జాతీయ సభ చట్టమును ఆమోదించెను.

ఇచ్చినది ఎప్పుడు, పుచ్చుకొన్నది ఎప్పుడు

సంతకము చేసిన నాయకులను ద్రోహులని నిందించుట సులభము. వారి పక్షమున చెప్పవలసినది కూడ కలదు. విదేశ ద్రవ్యము అడుగంటిన దేశములో, ప్రజలు ఉంగరములు ఇచ్చుచున్న సమయమున, కార్మికులు మాత్రము మొండిపట్టు పట్టిరను అపవాదును మోయుట కష్టము. సంఘములు కాదన్నను చట్టము రాకమానదు. వచ్చునదెట్లును వచ్చును గనుక, ప్రతిగా కొంతయైన సంపాదించుట మేలని వారు తలచిరి. చరిత్రలో మొదటిసారిగా కార్మికుడు రాజ్యముతో సమానముగా బల్లయొద్ద కూర్చుండెను. ఈ వాదమును తేలికగా కొట్టివేయరాదు.

అయినను రెండు లోపములు కనబడుచున్నవి. మొదటిది, సభ్యులను ముందుగా అడుగకపోవుట. నాయకులు సంతకము చేసిన పిమ్మట ప్రతినిధుల సభ తిరస్కరించుటచే సంఘము రెండింటికి చెడినది: ఒడంబడిక వలన రావలసిన గౌరవము దక్కలేదు, సమ్మె చేయుటకు కావలసిన బలము మిగులలేదు. రెండవది, వాయిదాల తేడా. కార్మికులు ఇచ్చినది ఆ వారములోనే చట్టమాయెను. వారు పుచ్చుకొన్నవి దూరపు తేదీలు. ఉపాధ్యాయుల సంఘమునకు చట్టబద్ధత 1999 జులైలో వచ్చెను. ప్రజాతంత్ర సమాఖ్యకు 1999 నవంబరులోగాని గుర్తింపు రాలేదు. రొక్కము చెల్లించి ప్రామిసరీ నోటు వ్రాయించుకొన్నట్లయినది. నోటు పూర్తిగా చెల్లలేదనుటకు వీలులేదు. నిరుద్యోగ భీమా 1995లో 30 మందికి పైబడిన సంస్థలకే వర్తించుచుండగా, 1998 అక్టోబరునాటికి సంస్థలన్నింటికి వ్యాపించెను. ఇది నిజమైన లాభమే. ఐతే ఉద్యోగము పోవు క్షణమునకు, రక్షణ చేతికందు క్షణమునకు నడుమ గల కాలములోనే కుటుంబములు చితికిపోవును.

ఉల్సానులో జరిగినది

కొత్త చట్టమును మొదట పెద్దయెత్తున ప్రయోగించినవారిలో హ్యుండై మోటారు ముఖ్యము. కార్ల విక్రయములు పడిపోగా కంపెనీ వేలమందిని తగ్గింపదలచెను. స్వచ్ఛంద విరమణ పేరిట ఎందరో ముందే వెడలిపోయిరి. 1998 జులై 20న సంఘము కర్మాగారమును ఆక్రమించి సమ్మె ప్రారంభించెను. కార్మికులు ఆవరణలో గుడారములు వేసిరి. భార్యలు, బిడ్డలు వచ్చి చేరిరి. పోలీసు బలగములు చుట్టుముట్టెను. పని గంటలు తగ్గించి ఉన్న పనిని అందరము పంచుకొందుమని సంఘము చెప్పెను. కొందరినైనను తొలగింపక తప్పదని కంపెనీ పట్టుబట్టెను. తుదకు అధికారపక్షము రాయబారులను పంపెను. తరువాతి కాలమున అధ్యక్షుడైన రో మూ-హ్యూన్ వారిలో ఒకడు.

ఆగస్టు 24 నాటి ఒడంబడిక ప్రకారము వెయ్యిమందికి పైగా కార్మికులు జీతములేని సెలవుపై వెళ్లిరి. పూర్తిగా తొలగింపబడినవారు 277 మంది. మొదట కంపెనీ కోరిన సంఖ్యతో పోల్చిన ఇది స్వల్పమే. సంఘము పోరాడకున్నచో తొలగింపబడువారు ఇంకను ఎక్కువగా నుండెడివారు. కాని ఆ 277 మంది ఎవరు? వారిలో సగమునకు పైగా కర్మాగారపు కాంటీనులో వంట చేయు స్త్రీలు. సమ్మె సాగినంతకాలము వేలమంది కార్మికులకు అన్నము వండిపెట్టినది వారే. తొలగింపులలో స్త్రీపురుష భేదము చూపరాదని ఆ సంవత్సరమే చేసిన చట్టములో స్పష్టముగా వ్రాసియున్నది. అయినను కార్లు తయారుచేయు పని ముఖ్యము, అన్నము వండు పని అప్రధానము అను లెక్క నడచినది. సంఘము దానికి సమ్మతించినది. తరువాత కాంటీను నిర్వహణ సంఘము చేతికే వచ్చెను. ఆ స్త్రీలు తక్కువ షరతులపై, తమ సంఘమునే యజమానిగా చేసికొని, అదే పొయ్యి దగ్గర తిరిగి పనికి కుదిరిరి. పూర్వపు స్థానము కొరకు వారు పిమ్మట కంపెనీతోను సంఘముతోను కూడ పోరాడవలసివచ్చెను.

ఇందులో వ్యక్తుల దుర్బుద్ధి కంటె నిర్మాణ దోషము ఎక్కువ. నాడు కొరియాలో సంఘములు అధికముగా ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్కటిగా నుండెడివి. అట్టి సంఘమునకు కంపెనీ గేటే ప్రపంచపు హద్దు. కంపెనీ బాగుపడిననే సంఘము బాగుపడును. కావున ఎవరినో కొందరిని వదలుకొని మిగిలినవారిని రక్షించు బేరము దానికి సహజముగా తోచును. గేటు వెలుపలి వారు దాని లెక్కలో ఉండరు. 1989లో శ్రామికులలో నూటికి ఇంచుమించు 20 మంది సంఘములలో నుండగా 1997 నాటికి ఆ సంఖ్య 12కు తగ్గెను. సంక్షోభములో మొదట ఉద్యోగములు పోయినది ఈ పండ్రెండుగురికి కాదు. చిన్న దుకాణములలో, కట్టడపు పనులలో, తాత్కాలికపు కొలువులలో ఉన్నవారికి, అందులోను స్త్రీలకు. వారి పక్షమున సమ్మె చేయువారు లేరు, సంతకము చేయువారును లేరు. సంక్షోభము తగ్గిన పిమ్మట ఉద్యోగములు మరల వచ్చినవి. ద్రవ్యనిధి అప్పును 2001 ఆగస్టులోనే, గడువునకు మూడేండ్లు ముందుగా, దేశము తీర్చివైచెను. కాని వచ్చిన ఉద్యోగములు పోయినట్టివి కావు. జీతముపై బ్రతుకువారిలో తాత్కాలికులు, దినకూలీలు కలిసి 1999 నాటికి సగము దాటిరి.

సంఘములు ఈ పాఠమును కొంతవరకు గ్రహించినవి. వైద్యశాలల కార్మికులు 1998లోనే, లోహపరిశ్రమ కార్మికులు 2001లో, కంపెనీ హద్దులను దాటి పరిశ్రమ అంతటికి ఒకటే సంఘముగా ఏర్పడిరి. హ్యుండై మోటారు కార్మికులు 2006లో ఓటు వేసి అందులో చేరిరి. వారమునకు 44 పని గంటలను 40కి తగ్గించు చట్టము 2003లో వచ్చెను.

వేరొక మార్గము

పనిని పంచుకొందమను ఉల్సాను కార్మికుల కోరిక అసాధ్యమైనదా? జర్మనీ అనుభవము కాదని చెప్పుచున్నది. 1993లో వోక్స్‌వాగన్ సంస్థలో సుమారు 30,000 ఉద్యోగములు మిగులుపడగా, లోహ కార్మికుల సంఘము, యాజమాన్యము కూడి వారపు పనిని 28.8 గంటలకు తగ్గించిరి. జీతము కొంత తగ్గెను. బలవంతపు తొలగింపులు మాత్రము లేకపోయెను. 2008 నాటి ప్రపంచ సంక్షోభము వచ్చినపుడు జర్మనీ 'కుర్జార్‌బైట్' అను పాత ఏర్పాటును విస్తరించెను. పని తగ్గినపుడు కార్మికుని తొలగింపక గంటలు తగ్గింతురు. పనిచేసిన గంటలకు యజమాని జీతమిచ్చును. పోయిన నికర జీతములో నూటికి 60 వంతులు, బిడ్డలు గలవారికి 67 వంతులు, నిరుద్యోగ నిధినుండి వచ్చును. 2009 మే నాటికి సుమారు 15 లక్షలమంది ఈ విధానము క్రింద నుండిరి. ఆ సంవత్సరము జర్మనీ ఉత్పత్తి నూటికి 5 వంతులకు పైగా తగ్గినను నిరుద్యోగము స్వల్పముగానే పెరిగెను.

ఇది సంఘముల మంచితనము వలన మాత్రమే జరుగలేదు. పరిశ్రమ అంతటికి ఒకే సంఘము, ముందుగానే కూడబెట్టిన నిధి, అర్ధశతాబ్దముగా అలవాటైన చట్టము ఉండుటచే జరిగినది. సంక్షోభము వచ్చిన దినమున ఇట్టివానిని సృష్టింప వీలుకాదు. చెఱువు వేసవిలో త్రవ్వినను వానకాలమునగాని నిండదు. జర్మనీలోను ఒక మచ్చ కలదు. స్థిరోద్యోగులు నిలువగా, అద్దె సంస్థలు సరఫరాచేసిన తాత్కాలిక కార్మికులే మొదట వీధిలో పడిరి. లెక్కలోనికి రానివారు ఎవరను ప్రశ్న అక్కడను తప్పలేదు.

పసుపు కవరు

2009లో ఆ ప్రశ్న కొరియాలో మరింత భయంకరముగా తిరిగివచ్చెను. ప్యాంగ్‌టెక్ నగరములోని సాంగ్యాంగ్ మోటారు సంస్థ 2,646 మందిని తగ్గింపనెంచెను. మే 22 నుండి ఆగస్టు 6 వరకు, 77 దినములు, కార్మికులు కర్మాగారమును ఆక్రమించియుండిరి. హెలికాప్టర్లనుండి బాష్పద్రవము చల్లుచు పోలీసులు ఆక్రమణను అణచిరి. తరువాతి సంవత్సరములలో ఆ కార్మికులలోను వారి కుటుంబములలోను ఇంచుమించు 30 మంది ఆత్మహత్యల వలనను వ్యాధుల వలనను మరణించిరి. 2011లో మన దేశపు మహీంద్రా సంస్థ ఆ కంపెనీని కొనెను. మిగిలిన 119 మందిని తిరిగి తీసికొనుటకు 2018లో ఒప్పందము కుదిరెను.

అంతకు ముందు 2013లో, సమ్మె నష్టములకుగాను కార్మికులు 470 కోట్ల వొన్లు చెల్లింపవలెనని ఒక న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ వార్త చదివిన ఒక గృహిణి 47,000 వొన్లను ఒక పత్రికా కార్యాలయమునకు పంపెను. లక్షమంది ఇట్లే పంపినచో ఆ మొత్తము తీరునని ఆమె లెక్క. పూర్వము కొరియాలో జీతము పసుపుపచ్చని కవరులో ఇచ్చెడివారు. ఆ జ్ఞాపకముతో చందాల ఉద్యమమునకు పసుపు కవరు గుర్తయ్యెను. 2025 నాటి చట్టమునకు ఆ పేరు అట్లు వచ్చినది. ఉపకంట్రాక్టు కార్మికునకు బేరమాడు హక్కు కూడ అందులో చేరుటచే, 1998లో గేటు వెలుపల మిగిలినవారిని లోపలికి పిలుచు ప్రయత్నముగా దానిని భావింపవచ్చును. ఆ చట్టము ఎంత ఫలించునో అమలులో తేలవలసియున్నది.

తొమ్మిదిమంది ఉపాధ్యాయులు

ఇక ఉపాధ్యాయుల అధ్యాయము. 1998 ఒడంబడిక వలన చట్టబద్ధమైన వారి సంఘమునకు 2013 నాటికి సుమారు 60,000 మంది సభ్యులుండిరి. వారిలో తొమ్మిదిమంది ఉద్యోగమునుండి తొలగింపబడినవారు. ఉద్యోగము లేనివాడు ఉపాధ్యాయుడు కాడు, అట్టివారిని చేర్చుకొన్న సంఘము సంఘము కాదు, వారిని వెలివేయుడు, లేనియెడల గుర్తింపు పోవునని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. సంఘము తన సభ్యులందరి ఓటు కోరెను. మూడింట రెండు వంతులకు పైగా సభ్యులు ఆజ్ఞను తిరస్కరించిరి. 2013 అక్టోబరులో గుర్తింపు పోయెను. సంఘపు పనిని విడిచి బడులకు మరలరాని ముప్పదిమందికి పైగా కార్యకర్తలు 2016లో ఉద్యోగములు కోల్పోయిరి. ఏడేండ్ల పిమ్మట, 2020 సెప్టెంబరు 3న, ప్రభుత్వపు చర్య న్యాయవిరుద్ధమని సుప్రీముకోర్టు నిర్ణయించెను. ఉద్యోగము పోయినవారును సంఘ సభ్యులుగా నుండవచ్చునని ఆ సంవత్సరాంతమున చట్టమునే సవరించిరి.

ఉల్సానును ఈ ఘటనతో పోల్చి, ఒకరిని వీరులని, ఒకరిని పిరికివారని అనుట న్యాయము కాదు. ఉల్సాను కార్మికుని ఎదుట పోలీసు బలగముండెను, ఆకలియుండెను. సంఘపు గుర్తింపు పోయినను సామాన్య ఉపాధ్యాయుని నెలజీతము ఆగలేదు. ఐనను భేదమొకటి మిగులుచున్నది. ఉపాధ్యాయ సంఘము నిర్ణయమునకు ముందు సభ్యులను అడిగినది. 60,000 మంది ప్రయోజనమునకై తొమ్మిదిమందిని వదలుకొనుట లాభసాటి బేరమైనను, వద్దనినది. తమ హక్కు ఒకనాడు ఇతరుల ఉద్యోగములతో ముడివడి వచ్చినదను సంగతి ఆ సభ్యులు ఎరుగుదురో లేదో చెప్పలేము. కాని ఆ ఋణములో కొంత వారు తీర్చిరనిన అతిశయోక్తి కాదు.

దీనినుండి విద్యార్థులు గ్రహింపదగినది ఒకటి కలదు. సంక్షోభ వార్తలు చదువునపుడు, సంఘము సమ్మె చేసినదా, రాజీపడినదా అని మాత్రమే మనము చూచుచుందుము. సమ్మె చేసిన ఉల్సానులో వంట స్త్రీలకు న్యాయము జరుగలేదు. రాజీపడిన వోక్స్‌వాగనులో వేల కుటుంబములు నిలిచినవి. కావున అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఒడంబడిక చేయుటకు ముందు సభ్యులను అడిగిరా? ఇచ్చునది నేడు, పుచ్చుకొనునది ఎన్నడు? నష్టము ఎవరి వంతునకు వచ్చినది. వారి పక్షమున ఆ బల్లయొద్ద ఎవరైన కూర్చుండిరా? ఈ మూడింటికి జవాబు దొరికినపుడే ఆ ఒడంబడిక మంచిచెడ్డలు తెలియును.

ఉపాధ్యాయుడు దినమును హాజరుపట్టీతో ప్రారంభించును. రాని పిల్లవాని పేరు పట్టీలో ఉన్నంతవరకు వాడు ఏల రాలేదని అడుగువాడు ఒకడుండును. పేరు కొట్టివేసిన మరునాటినుండి అడుగువాడుండడు. ఉద్యోగము పోయినవాని విషయమునను ఇంతే. కొరియాలో 1998లో కొట్టివేసిన పేర్లను మరల వ్రాయించుటకు 27 ఏండ్లు పట్టినది; ఆ పని ఇంకను పూర్తికాలేదు.